ఆ ముప్పై ఏ ముప్పై? ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, నర్సింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఆసుపత్రులు నడుపుతున్న సూపరింటెండెంట్లకు, నర్సింగ్ కళాశాలల ప్రిన్సిపాళ్లకు నమస్కారాలతో.

నేను బయోమెడికల్ ఇంజనీరుని. వెంటిలేటర్లు, మానిటర్లు, సక్షన్ యంత్రాలు, ఆక్సిజన్ గేజిలు సరిచూడటం, వాటిని వాడేవాళ్లకు వాటి సంగతులు చెప్పడం నా పని. ఆ పని మీద వార్డుల్లో తిరుగుతుంటే ఒక విషయం నన్ను కలవరపెడుతోంది. మన ఐసీయూల్లో పీడనం అంకెలు ప్రమాణం, అంటే యూనిట్, లేకుండా తిరుగుతున్నాయి. చార్టులో గడి పైన ప్రమాణం అచ్చువేసి ఉండదు. డ్యూటీ మారేటప్పుడు "కఫ్ ముప్పై, సీవీపీ పన్నెండు, సక్షన్ ఇరవై" అని చెప్పుకుంటారు. కఫ్ అంటే శ్వాసగొట్టం చివరి గాలి బుడగ, సీవీపీ అంటే గుండె దగ్గరి పెద్ద సిరలో పీడనం, సక్షన్ అంటే ద్రవాన్నో గాలినో బయటికి లాగే పీడనం. విన్నవాళ్లు తల ఊపి రాసుకుంటారు. ఆ ముప్పై పాదరసంలోనా, నీటిలోనా అని అడిగేవాళ్లు అరుదు. అడిగితే చెప్పగలిగేవాళ్లు ఇంకా అరుదు. ఈ అలవాటు మాన్పించమని, ఒక ప్రమాణాన్ని ఇంకో ప్రమాణంలోకి మార్చడం పరీక్ష కోసం కాకుండా మంచం పక్కన చేసే పనిగా నేర్పించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

వెంటిలేటర్ మీద ఉన్న ఒక్క రోగి మంచం చుట్టూ చూడండి. రక్తపోటు మిల్లీమీటర్ల పాదరసంలో, అంటే ఆ పీడనం ఎంత ఎత్తు పాదరసాన్ని నిలబెడుతుందో ఆ లెక్కలో, ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టే పీడనం సెంటీమీటర్ల నీటిలో ఉంటుంది. రక్తంలోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మన దేశంలో పాదరసంలోనే వస్తాయి, బ్రిటన్‌లో కిలోపాస్కళ్లలో వస్తాయి. గోడకున్న సక్షన్ గేజి మీద ఒకచోట పాదరసం, మరోచోట కిలోపాస్కల్. ఆక్సిజన్ పైపులైను గేజి బార్లలో, పక్కన నిలబెట్టిన సిలిండర్ గేజి పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు)లోనో, చదరపు సెంటీమీటరుకు కిలోల్లోనో ఉంటుంది. స్టెరిలైజేషన్ గదిలో పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ దగ్గరికి వెళితే "పదిహేను పౌండ్లు" అంటారు. తీవ్రమైన ఊపిరితిత్తుల వైఫల్యానికి 2012లో ఇచ్చిన బెర్లిన్ నిర్వచనంలో కూడా రెండు ప్రమాణాలు పక్కపక్కనే ఉన్నాయి. రక్తంలోని ఆక్సిజన్‌కు, పీల్చే గాలిలో ఆక్సిజన్ వంతుకు ఉన్న నిష్పత్తి 300, 200, 100 అనే గీతలు పాదరసంలో, ఊపిరి చివర నిలిపి ఉంచే పీడనం కనీసం 5 అన్నది నీటిలో. ఇన్ని ప్రమాణాలు ఉండటాన్ని నేను తప్పు పట్టడం లేదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంది. నా బాధంతా వాటి పేర్లు రాయకుండా వదిలేయడం గురించే.

పొలం కాగితంలో "ఇరవై" అని మాత్రమే రాసి సంతకం పెట్టమంటే మన ఊళ్లలో ఎవరైనా పెడతారా? ఇరవై గుంటలైతే అరెకరం, ఇరవై సెంట్లయితే ఎకరంలో అయిదో వంతు. భూమి విషయంలో అంత జాగ్రత్తగా ఉండే మనం రోగి చార్టులో మాత్రం ఒట్టి అంకెతో సరిపెట్టుకుంటున్నాం.

అన్నిటికంటే ఎక్కువ చోట్ల నేను చూసిన తప్పుతో మొదలుపెడతాను. గొంతులోంచి వేసిన శ్వాసగొట్టం చివర గాలి నింపే కఫ్ ఉంటుంది కదా, దానిలో పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మధ్య ఉండాలి. తగ్గితే నోటిలోని లాలాజలం కిందికి జారి న్యుమోనియా వస్తుంది. పెరిగితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం అందదు. 30 సెంటీమీటర్ల నీరు దాటితే ఆ పొరలో రక్తప్రసరణ దెబ్బతింటుందని, 50 దగ్గర పూర్తిగా ఆగిపోతుందని ఎండోస్కోపీతో చూసిన వైద్యులు 1984లోనే ప్రచురించారు. ఆ పొర పుండుపడి, మానేటప్పుడు నాళం సన్నబడితే, ఐసీయూ నుంచి బతికి బయటపడ్డ మనిషి కొన్ని వారాల తర్వాత ఊపిరాడక మళ్లీ వస్తాడు.

కఫ్ పీడనం కొలిచే ప్రత్యేక గేజి నీటి సెంటీమీటర్లలోనే ఉంటుంది. అది లేని చోట, చిన్న ఆసుపత్రుల్లో, బీపీ యంత్రం డయల్‌ని త్రీవే (మూడు దారుల చిన్న కుళాయి) ద్వారా కఫ్‌కి తగిలించి కొలుస్తారు. ఉన్న వస్తువుతో పని జరుపుకోవడం మంచి ఆలోచనే, దాన్ని నేను మెచ్చుకుంటాను. చిక్కు ఎక్కడంటే, పుస్తకంలో చదివిన "20 నుంచి 30" ఆ డయల్ మీద కూడా అదే అనుకుంటారు. ఆ డయల్ పాదరసంలో ఉంది. దాని మీద ముల్లు 30 దగ్గర ఉంటే కఫ్‌లో ఉన్నది దాదాపు 41 సెంటీమీటర్ల నీరు. హద్దు దాటిపోయింది. బీపీ డయల్ మీద సరైన హద్దులు 15 నుంచి 22. ఈ రెండు అంకెలు ఒక చీటీ మీద రాసి ఆ డయల్‌కి అతికిస్తే చాలు. ఒక ఆసుపత్రిలో ఈ చీటీ అతికించమని చెప్పినప్పుడు అక్కడి సీనియర్ సిస్టర్ అడిగిన ప్రశ్న నాకు సరైనదనిపించింది: "ఇన్నేళ్లుగా ఇది మాకెవరూ ఎందుకు చెప్పలేదండీ?" ఆ ప్రశ్నకు జవాబివ్వాల్సింది మీరే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ప్రమాణాలు మారినప్పుడు అంకె ఎంతో మారిపోతే ప్రమాదం తక్కువ. 120 ఉండాల్సిన రక్తపోటు తెర మీద 16 అని కనిపిస్తే ఎవరైనా ఉలిక్కిపడి చూస్తారు, మానిటర్ కిలోపాస్కళ్లలోకి మారిపోయిందని కనిపెడతారు. కార్బన్ డయాక్సైడ్ 40 రావాల్సిన చోట 5.3 వచ్చినా అంతే. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే మనిషి మోసపోతాడు. పాదరసం సాంద్రత నీటికి 13.6 రెట్లు. కాబట్టి 1 మిల్లీమీటరు పాదరసం 13.6 మిల్లీమీటర్ల నీటికి, అంటే 1.36 సెంటీమీటర్ల నీటికి సమానం. ఒకటి మిల్లీమీటర్లలో, మరొకటి సెంటీమీటర్లలో చెప్పుకోవడం వల్ల పదమూడు రెట్ల తేడా ఇలా ఒకటింబావు దగ్గరికి కుదించుకుపోయింది. అందుకే 12 అన్నా, 9 అన్నా, 16 అన్నా మూడూ నమ్మదగ్గ అంకెల్లాగే కనిపిస్తాయి. ఎవరికీ అనుమానం రాదు.

సీవీపీ సంగతి చూడండి. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో నీటి గొట్టం పెట్టి కొలిస్తే 12 వచ్చింది, రిఫరల్ కాగితం మీద "సీవీపీ 12" అని రాశారు. రోగి అంబులెన్సులో పెద్దాసుపత్రికి చేరాడు. అక్కడ పీడనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్ పెడితే మానిటర్ మీద 9 వచ్చింది. రోగిలో ఏ మార్పూ లేదు, 12 సెంటీమీటర్ల నీరంటే 8.8 మిల్లీమీటర్ల పాదరసమే. కానీ కాగితం చూసిన డ్యూటీ డాక్టరుకి దారిలో సీవీపీ పడిపోయినట్టు కనిపిస్తుంది. సెలైన్ పెంచాలన్న ఆలోచన వస్తుంది. అసలు ఒక్క సీవీపీ అంకెను చూసి సెలైన్ నిర్ణయించడమే సరికాదని ఇప్పుడు చాలామంది వైద్యులు అంటున్నారు, ఆ చర్చ వాళ్లది. నేను చెప్పేది, కాగితం మీద "నీరు" అన్న ఒక్క మాట ఉంటే ఆ పొరపాటుకు తావే ఉండదని.

మెదడు చుట్టూ ఉండే ద్రవం విషయంలో ఇదే ఇంకో రూపంలో ఎదురవుతుంది. నడుములో సూది వేసి కొలిచేటప్పుడు సెంటీమీటర్ల నీటిలో చెబుతారు, 25 దాటితే ఎక్కువంటారు. తలలో పెట్టిన గొట్టంతో కొలిస్తే మిల్లీమీటర్ల పాదరసంలో చెబుతారు, 20, 22 దాటితే వైద్యం మొదలుపెడతారు. ఆ 20 నీటిలో 27 అవుతుంది. బయటికి ద్రవం తీసే డ్రెయిన్ స్టాండు మీద రెండు స్కేళ్లూ పక్కపక్కనే అచ్చువేసి ఉంటాయి. డాక్టరు "పదిహేను దగ్గర పెట్టండి" అన్నప్పుడు ఏ స్కేలు మీద అన్నది చెప్పకపోతే, సిస్టర్ తనకు అలవాటైన వైపు పెడుతుంది. రాత్రి డ్యూటీకి వచ్చిన సిస్టర్ అలవాటు వేరు కావచ్చు.

దీనికంటే పెద్ద తేడా ఉండి కూడా కంటికి దొరకనిది సక్షన్. ఛాతీలో వేసిన డ్రెయిన్‌కి మామూలుగా 10 నుంచి 20 సెంటీమీటర్ల నీటి సక్షన్ ఇస్తారు. ఇరవై సెంటీమీటర్ల నీరంటే 2 కిలోపాస్కళ్లు, పాదరసంలో 15. గోడకున్న గేజి కిలోపాస్కళ్లలో ఉండి, చీటీలో "20" అని మాత్రమే ఉంటే, చేయి ముల్లును 20 దగ్గరికే తిప్పుతుంది. అది 204 సెంటీమీటర్ల నీరు, పది రెట్లు. ఆ గేజి మీద 20 అన్నది అసాధారణమైన అంకె కూడా కాదు, ఎందుకంటే శ్వాసగొట్టంలో కఫం లాగడానికి వాడే 150 మిల్లీమీటర్ల పాదరసం సరిగ్గా 20 కిలోపాస్కళ్లే. కాబట్టి చూసేవాళ్లకు ఏమీ తేడాగా అనిపించదు. నీటి మట్టంతో సక్షన్‌ను అదుపు చేసే సీసా మధ్యలో ఉంటే అది కాపాడుతుంది, లేకపోతే కాపాడేది ఏదీ లేదు.

2021 వేసవిలో సిలిండర్ గేజి చదవడం ఆసుపత్రి దాటి ఇళ్లలోకి వచ్చింది. కోవిడ్ రెండో వేవ్‌లో గేజి ముల్లు వంక చూస్తూ ఇది ఇంకెంతసేపు వస్తుందని అడిగిన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో లెక్కలేనన్ని. దానికి జవాబు చెప్పే లెక్క చాలా చిన్నది. సిలిండర్‌లో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో దాన్ని గేజి చూపే బార్లతో గుణిస్తే బయటికి వచ్చే ఆక్సిజన్ లీటర్లు తెలుస్తాయి. దాన్ని ఫ్లోమీటర్ మీది లీటర్లతో భాగిస్తే నిమిషాలు. బాయిల్ సూత్రం అంతే, ఇంటర్‌లో చదువుకున్నదే. పెద్ద డి టైప్ సిలిండర్‌లో 46.7 లీటర్ల నీరు పడుతుంది. నిండుగా చదరపు సెంటీమీటరుకు 150 కిలోల దగ్గర ఉంటే, అంటే 147 బార్ల దగ్గర, దాదాపు 7 వేల లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 10 లీటర్ల చొప్పున పదకొండున్నర గంటలు.

లెక్క ఇంత తేలికైనా, గేజి ఏ ప్రమాణంలో ఉందో చూడకపోతే తప్పుతుంది. పది లీటర్ల నీరు పట్టే బి టైప్ సిలిండర్లు రెండు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకదాని గేజి మీద 500, మరొకదాని మీద 50. తొందరలో ఉన్న మనిషి ఏది తీసుకుంటాడు? 500 ఉన్నదే. అది పీఎస్ఐ గేజి. 500 పీఎస్ఐ అంటే 34.5 బార్లు, లోపల 345 లీటర్లు, నిమిషానికి 10 లీటర్ల చొప్పున 34 నిమిషాలు. రెండోది చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉన్న గేజి. ఆ 50 అంటే 49 బార్లు, 490 లీటర్లు, 49 నిమిషాలు. తక్కువ అంకె ఉన్న సిలిండర్‌లోనే ఆక్సిజన్ ఎక్కువ. జిల్లా ఆసుపత్రి నుంచి విశాఖకో, వరంగల్‌కో, కర్నూలుకో రోగిని తరలించేటప్పుడు ఆ పావుగంట ఎంత విలువైనదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇవి సిలిండర్ ఖాళీ అయ్యేదాకా వేసిన లెక్కలు. నిజానికి ముల్లు అడుగుకి చేరకముందే మార్చాలి, కాబట్టి వచ్చిన నిమిషాల్లో కొంత తీసేసి చెప్పడం మంచిది. బార్‌కీ, చదరపు సెంటీమీటరుకు కిలోకీ తేడా నూటికి రెండే, దాన్ని మరిచిపోయినా ఫరవాలేదు. పీఎస్ఐని మాత్రం 14.5తో భాగించకుండా వాడకూడదు.

మరో విషయం చాలామంది వైద్యులకు కూడా కొత్తగా అనిపించింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ప్రమాణం తెలిసినా, సున్నా ఎక్కడ మొదలైందో తెలియాలి. రక్తపోటు 120 అంటే బయటి గాలి పీడనం కంటే 120 ఎక్కువని అర్థం. రక్తంలో ఆక్సిజన్ 90 అంటే ఏమీ లేని శూన్యం నుంచి లెక్కపెట్టిన 90. రెండూ మిల్లీమీటర్ల పాదరసమే, రెండింటి సున్నాలూ వేరు. ఆటోక్లేవ్ దగ్గర కూడా ఈ గందరగోళమే. పాత యంత్రం 15 పౌండ్లు చూపిస్తుంది, శూన్యం నుంచి లెక్కించే కొత్త యంత్రం తెర మీద 2.05 బార్లు అని చూపిస్తుంది. 15 పౌండ్లంటే 1.03 బార్లే కదా, ఇది రెట్టింపు ఎందుకు చూపిస్తోందని నన్ను పిలిచినవాళ్లున్నారు. రెండూ 121 డిగ్రీల ఆవిరే.

బయటి గాలి పీడనాన్ని అన్నిచోట్లా 760 అనుకోవడం మరో అలవాటు. సముద్రమట్టం దగ్గర ఉన్న విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో అది సరిపోతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం సుమారు 950 హెక్టోపాస్కళ్లు, అంటే 713 మిల్లీమీటర్ల పాదరసం. 2014 అక్టోబరులో విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ తుపాను కేంద్రంలో నమోదైన కనిష్ఠ పీడనం కూడా 950 హెక్టోపాస్కళ్లే. తీరంలో మహా తుపానుకు గుర్తయిన ఆ అంకె, ఎత్తు వల్ల హైదరాబాద్‌లో రోజూ ఉండేదే. వాతావరణ శాఖ చెప్పే పీడనం, ఫోన్‌లో వాతావరణం యాప్ చూపే 1010 లాంటి అంకె, సముద్రమట్టానికి సరిచేసి చెప్పినవి. వాటిని హైదరాబాద్ ఐసీయూలో లెక్కకు వాడకూడదు.

వాడితే ఏమవుతుంది? పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం కట్టడానికి, గాలి పీడనంలోంచి నీటి ఆవిరి 47 తీసేసి 0.21తో గుణిస్తాం. విశాఖలో 760 లోంచి 47 తీస్తే 713, దానిలో 0.21 వంతు దాదాపు 150. హైదరాబాద్‌లో 713 లోంచి 47 తీస్తే 666, దానిలో 140. పది మిల్లీమీటర్ల తేడా. ఊపిరితిత్తుల గాలిగదుల్లోని ఆక్సిజన్‌ను 760 పట్టుకుని హైదరాబాద్‌లో లెక్కిస్తే, ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తిలోనూ ఆ పది మేర లోపం ఉన్నట్టు కనిపిస్తుంది. బ్లడ్ గ్యాస్ యంత్రంలో గాలి పీడనం కొలిచే భాగం సరిగా ఉందో లేదో చూడమని నేను అడిగేది అందుకే. వైద్య విద్యార్థులు తమ ఊరి గాలి పీడనంతో లెక్క కట్టడం నేర్చుకోవాలి.

ఇన్ని చిక్కులున్నప్పుడు అందరూ ఒకే ప్రమాణం, పాస్కల్, వాడొచ్చు కదా అని సైన్సు చదివినవాళ్లు అడుగుతారు. తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ 1971లో పీడనం ప్రమాణానికి పాస్కల్ అన్న పేరు ఖాయం చేసింది. ఇన్నేళ్లు గడిచినా రక్తపోటు పాదరసం వదల్లేదు. ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనికి గాజు గొట్టం తగిలిస్తే రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకిందని 1733లో ప్రచురించాడు. అంత పొడుగు గొట్టంతో రోగుల దగ్గర పని జరగదు. 1828లో ఫ్రాన్స్‌కు చెందిన ప్వాజోయ్ (Poiseuille) పాదరసం వాడాడు, గొట్టం పొట్టిదైంది. 1896లో రీవా రోచీ చేతికి కట్టే పట్టీ, 1905లో కొరొట్కోఫ్ స్టెతస్కోపుతో వినే పద్ధతి వచ్చాయి. అప్పటి నుంచి వైద్యం తెలుసుకున్నదంతా, ఎంత రక్తపోటుకి పక్షవాతం ముప్పు ఎంతో, ఏ మందు ఎంత తగ్గిస్తుందో, పాదరసంలోనే పోగుపడింది. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018లో దాన్ని ధ్రువీకరించింది. పాదరసం బీపీ యంత్రాలు వార్డుల నుంచి వెళ్లిపోతున్నాయి. యంత్రంలో పాదరసం లేకపోయినా ప్రమాణంగా పాదరసం ఉంటుంది, ఉండాలి. నూట ఇరవై, ఎనభై అన్నది పల్లెలో అమ్మమ్మకు కూడా తెలిసిన అంకె. దాన్ని 16, 10.7 చేసి ఎవరినీ ఉద్ధరించలేం.

నీటి సెంటీమీటర్లకు కూడా అలాంటి బలమే ఉంది. నవజాత శిశువుల వార్డులో బబుల్ సీప్యాప్ చూడండి, బిడ్డ ఊపిరికి నిరంతరం కొంత పీడనం అందించే ఏర్పాటు అది. గొట్టం నీటిలో అయిదు సెంటీమీటర్లు మునిగితే బిడ్డకు అందే పీడనం అయిదు సెంటీమీటర్ల నీరు. స్కేలు పట్టి చూస్తే పీడనం కనిపిస్తుంది, గేజి అక్కర్లేదు. అలాంటి ప్రమాణాన్ని తీసేయమని నేను అడగను. కాబట్టి అన్నిటినీ ఒకటి చేసే ప్రయత్నం వద్దు. ఒక్కో కొలతకు ఆసుపత్రి అంతటా ఒకే ప్రమాణం ఉండాలి, దాని పేరు రాసి ఉండాలి. రక్తపోటు, సీవీపీ, తలలో పీడనం, రక్తంలో వాయువులు, కఫం లాగే సక్షన్ పాదరసంలో. వెంటిలేటర్, కఫ్, ఛాతీ డ్రెయిన్, నడుము సూది నీటిలో. సిలిండర్లు, పైపులైను బార్లలోనో, కిలోల్లోనో, ఏదో ఒక్కదానిలో. ఈ పంపకం నా అభిప్రాయం. మీ మత్తు వైద్యులు, ఐసీయూ వైద్యులు కూర్చుని వేరేలా నిర్ణయించుకున్నా మంచిదే. నిర్ణయం అంటూ జరగాలి.

సూపరింటెండెంట్లు చేయగలిగినవి చాలావరకు ఖర్చు లేనివి. చార్టు మళ్లీ అచ్చువేయించేటప్పుడు ప్రతి పీడనం గడి తలమీద ప్రమాణం వేయించండి. రిఫరల్ కాగితంలో కూడా. డ్యూటీ మారేటప్పుడు అంకెతో పాటు "పాదరసం" అనో "నీరు" అనో నోటితో పలకడం నియమం చేయండి. మానిటర్ల సెట్టింగుల్లోకి వెళ్లి ప్రమాణం మార్చేయడం ఎవరైనా చేయగలరు, ఆ మెనూకి పాస్‌వర్డ్ పెట్టించండి. 2021లో ఎన్నో దేశాల నుంచి సహాయంగా వచ్చిన యంత్రాలు మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో ప్రమాణంలో చూపించే అవకాశం ఉంది. వాటిని ఒకసారి వరసగా తనిఖీ చేయించండి. కొత్తవి కొనేటప్పుడు టెండరులో గేజి ప్రమాణం ఏదో రాయండి. ఇప్పుడు టెండర్లలో పీడనం ఎంతవరకు కొలవాలో ఉంటుంది కానీ ఏ ప్రమాణంలో చూపించాలో చాలాసార్లు ఉండదు. అందుకే ఒకే వార్డులో ఒక గోడకు కిలోపాస్కల్ గేజి, ఎదురు గోడకు పాదరసం గేజి వచ్చి చేరుతున్నాయి.

ప్రిన్సిపాళ్లను అడిగేది నేర్పే పద్ధతి గురించి. పిల్లలకు 1 అట్మాస్ఫియర్ 1,01,325 పాస్కళ్లు అని కంఠతా వస్తుంది. అది వార్డులో అక్కరకు రాదు. వార్డుకు కావాల్సినవి కొన్నే. పాదరసాన్ని నీటిలోకి మార్చడానికి 1.36తో గుణించాలి, నీటిని పాదరసంలోకి మార్చడానికి 1.36తో భాగించాలి, అంటే ముప్పావు వంతు కంటే కొంచెం తక్కువ. పాదరసాన్ని కిలోపాస్కళ్లలోకి మార్చడానికి రెండుతో గుణించి పదిహేనుతో భాగించాలి. 120ని రెట్టింపు చేస్తే 240, పదిహేనుతో భాగిస్తే 16. కాగితం కూడా అక్కర్లేదు. 1 కిలోపాస్కల్ దాదాపు 10 సెంటీమీటర్ల నీరు. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. మన పిల్లలు ఎంతోమంది బ్రిటన్‌కి నర్సులుగా వెళుతున్నారు. అక్కడ రక్తంలో ఆక్సిజన్ 8 అంటే ఊపిరితిత్తుల వైఫల్యం గీత దగ్గర ఉన్నట్టు, మన 60 అన్నమాట. అది మొదటి రాత్రి డ్యూటీలో కాకుండా ఇక్కడి తరగతిలో తెలియాలి.

దీన్ని బల్ల మీద చూపించడానికి వాడిపడేసే ఐవీ గొట్టం చాలు. సుమారు మీటరున్నర పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో వంచి గోడకు కట్టి, రంగు కలిపిన నీరు సగం దాకా పోయండి. ఒక కొనను త్రీవే ద్వారా సిరంజికి, బీపీ డయల్‌కి కలపండి. రెండో కొన తెరిచే ఉంచండి. సిరంజిని మెల్లగా నొక్కుతూ రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా 30 సెంటీమీటర్లు వచ్చేదాకా తీసుకెళ్లండి. డయల్ మీద ముల్లు 22 దగ్గర నిలుస్తుంది. పిల్లలే చదివి చెబుతారు. మళ్లీ 41 దాకా తీసుకెళితే డయల్ మీద 30 వస్తుంది. కఫ్ గురించి నేను పైన రాసిందంతా ఆ ఒక్క గొట్టంలో కనిపిస్తుంది. అదే పూట ట్రాన్స్‌డ్యూసర్ గురించి కూడా చెప్పొచ్చు. అది ఉండాల్సిన ఎత్తు కంటే 13.6 సెంటీమీటర్లు కిందికి జారితే మానిటర్ మీది అంకె 10 పెరుగుతుంది. మంచం ఎత్తు మార్చినప్పుడల్లా ట్రాన్స్‌డ్యూసర్‌ను మళ్లీ సరిచేయమని ఎందుకు చెబుతారో అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది.

ఈ ఏడాది బ్యాచ్‌లు వార్డు పోస్టింగులకు వెళ్లకముందే ఆ ఒక్క తరగతి పెట్టించండి. ప్రాక్టికల్ పరీక్షలో ఒక ప్రశ్న చేర్చండి: బీపీ డయల్‌తో కఫ్ కొలవమని చెప్పి, ఏ అంకె దగ్గర ఆపుతారో అడగండి. సూపరింటెండెంట్లు ముందుగా ఒకే వార్డులో, వెంటిలేటర్లున్న చోట, ఏ గేజితో కఫ్ కొలుస్తున్నారో చూసి రమ్మని ఎవరినైనా పంపండి. అది బీపీ డయల్ అయితే "15 నుంచి 22 పాదరసం" అన్న చీటీ ఆ రోజే దాని మీదికి ఎక్కాలి.

ఇట్లు,
మీ వార్డుల్లో గేజిలు సరిచూసే ఒక బయోమెడికల్ ఇంజనీరు